లేని జడ నీడ

డెబ్బైల తొలినాళ్ల మాట. అప్పుడు మా కొండాపూర్ జొన్నచేల మధ్య ఊరు. ఎక్స్‌రే తీయడం నేర్చుకోవడానికి రోజూ బస్సులో సిటీ దవాఖానకు వెళ్లేదాన్ని. బ్యాచ్‌లో ఆడపిల్లలం ఇద్దరమే, నేనూ సుశీలా. ఆ రోజు ప్రాక్టీసు కోసం ఒకరికొకరం ఛాతీ ఫిల్మ్ తీసుకున్నాం. ఏ ఫిల్మ్ ఎవరిదో తెలిపే సీసపు నంబరు పక్కన పెట్టడం ఇద్దరమూ మరిచిపోయాం.

మాకు నేర్పే సార్ తడి ఫిల్మ్ ఒకటి వెలుగుకు పట్టుకున్నారు.

"పైన ఈ తెల్ల మచ్చ చూశారా? జడ నీడ. ఎవరిదమ్మా ఇది? జడ పైకి ముడేసుకోమని చెప్పానా లేదా?"

అందరూ సుశీల వైపు చూశారు.

"ముడేసుకున్న సార్," అని గొణిగింది పాపం. ఎవరూ వినలేదు.

నాకసలు జడే లేదు. నాన్నకు టైఫాయిడ్ తగ్గిందని యాదగిరిగుట్టలో తలనీలాలిచ్చి నెలైంది. గుండుకు స్కార్ఫ్ కట్టుకుని తిరుగుతున్నాను. కానీ ఆ ఫిల్మ్‌లో కుడి కాలర్ బోన్ వంకరగా అతుక్కుని ఉంది. చిన్నప్పుడు ఎడ్లబండి మీంచి పడి విరిగిన నా ఎముక అది. లేని జడ నా ఊపిరితిత్తి మీద పడుకుని ఉంది.

సుశీలకు మళ్లీ తీస్తే శుభ్రంగా వచ్చింది. "చూశారా, నీడ పోయింది!" అని సార్ సంబరపడ్డారు.

అక్కడ అలాంటి మచ్చంటే టీబీ కావచ్చని తెలుసు. చెబితే ఇంటికి పంపేస్తారని భయపడి నోరు మూసుకున్నాను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. భుజం బరువనిపించి జడ వెనక్కి వేసుకోబోతే చెయ్యి ఖాళీగా దిగేది. అమ్మ అడిగితే, "డార్క్‌రూమ్‌ల మందుల ఘాటుకే దగ్గు, ఫికర్ జెయ్యకు," అనేదాన్ని.

మూడో వారం డార్క్‌రూమ్‌లో దగ్గు తెర కమ్మింది. కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాను. ఎర్ర లైటు కింద అది తడిగా మాత్రమే కనిపించింది. వరండా వెలుగులోకి వచ్చి చూస్తే అంతా నెత్తురు.

"ఆ జడ ఫిల్మ్ నాది సార్," అన్నాను. సార్ నా స్కార్ఫ్ వైపు చూసి, ఆ ఫిల్మ్ వెతికి తీసి మళ్లీ వెలుగుకు పట్టుకున్నారు.

"టీబీయే. ఊపిరితిత్తిలో కేవిటీ, అంటే గుంత పడిందమ్మా. ఏడాదిన్నర మందులు," అన్నారు డాక్టరు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లకు చెవుల్లో హోరు, పీఏఎస్ మాత్రలకు కడుపులో తిప్పు. నాలుగు నెలలకు దగ్గు పోయేసరికి నా అంతట నేనే మందులు మానేశాను. జ్వరం తిరగబెట్టింది.

"బాగైందని ఎవరు చెప్పారు? నువ్వా, ఫిల్మా?" అని డాక్టరు కసిరారు. మళ్లీ మొదటి నుంచి మొదలు.

సుశీల చూడటానికొచ్చి గడప దగ్గరే ఆగింది. "ఆ మూడు వారాలు నీ గిన్నెలకెల్లి తిన్ననే. తెల్సి గూడ ఎట్ల పెట్టినవే?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడాదిపాటు ఆమె ఫిల్మ్ తీసినప్పుడల్లా ఊపిరి బిగబట్టి చూశాను. ఏమీ రాలేదు. కానీ తను మళ్లీ నాతో కూర్చుని తినలేదు.

నాకు నయమైంది. కోర్సు పూర్తి చేసి, రిటైరయ్యేదాకా అక్కడే పిల్లలకు నేర్పాను. ఆ ఫిల్మ్ చూపిస్తే ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు, "జడ నీడ మేడమ్," అనేవారు. "ఈ పిల్లకు జడ లేదు," అనేదాన్ని. అప్పుడు అందరూ దగ్గరికొచ్చి మళ్లీ చూసేవారు.

ఇప్పుడు కొండాపూర్‌లోనే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. జడ నెరిసింది. మీకు చెప్పేది ఒక్కటే. ఒంట్లో తేడా ఉందని అనుమానమొస్తే ఆ పూటే చెప్పండి, పక్కవాళ్లు మీ గిన్నెలో చెయ్యి పెట్టకముందే.