పెళ్లి కారణంగా

మా కాలేజీలో చదువు మానేసే ఆడపిల్లలందరికీ పెళ్లి చేసేది మా క్లర్కే. టీసీ దరఖాస్తు నమూనా ఒకటి ఆయన బల్లమీద గాజు పలక కింద ఎప్పుడూ ఉండేది. కారణం దగ్గర అబ్బాయిలకైతే ‘కుటుంబ పరిస్థితులు’, అమ్మాయిలకైతే ‘పెళ్లి’. పెళ్లంటే ఎవరూ మారు ప్రశ్న వేయరు కాబట్టి అదే అలవాటైపోయింది.

మెదక్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ని. ఆ ఏడాది పైనుంచి హుకుం వచ్చింది, డిగ్రీ పూర్తి చేసేవాళ్ల శాతం పెరగాలని. ఇంకో లెక్చరర్‌ను ఇస్తారేమో, పొద్దున పూట ఊళ్లనుంచి ఒక బస్సన్నా వేయిస్తారేమో అని ఆశపడ్డ వెర్రివాణ్ని నేనొక్కణ్నే. మా ప్రిన్సిపాల్‌కు అంత శ్రమ అక్కర్లేకపోయింది. ఫైనలియర్ రిజిస్టర్లో ఉన్నవాళ్లలో ఎందరు పాసయ్యారన్నదే కదా లెక్క, పాస్ కారనుకున్న వాళ్లను ముందే రిజిస్టర్లోంచి తీసేస్తే సరి అన్నాడు. అయితే వాళ్లంతట వాళ్లే మానేసినట్టు కాగితం ఉండాలి. పిల్లలు నా మాట వింటారని ఆ పని నా నెత్తిన పెట్టాడు. కాదనలేదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం.

కౌడిపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. మధ్యాహ్నం నుంచి బట్టల దుకాణంలో పని. సెకండియర్‌లో నా పేపర్ తప్పింది. ఫోన్ చేస్తే, ఆ పాఠాలు మళ్లీ చెప్పడానికే పిలిచాననుకుని సంబరంగా వచ్చింది. ఇప్పుడు మానేసి వచ్చే ఏడాది మళ్లీ చేరితే నిదానంగా చదువుకోవచ్చని నచ్చజెప్పాను. నమ్మింది. నమూనా చూసి రాస్తూ కారణం దగ్గర పెన్ను ఆపింది.

“నాకింక పెండ్లి కాలేదు గద సార్.”

“గది ఉత్తగ రాసుడే బిడ్డా, రాయి,” అన్నాను. రాసింది.

శాతం పెరిగింది. ప్రిన్సిపాల్‌కు శాలువా కప్పారు. మాకు తలా ఒక మిఠాయి పొట్లం ఇచ్చారు. ఇంటికి తీసుకెళ్లి తిన్నాం.

జూన్‌లో ఆ పిల్ల మళ్లీ చేరడానికి వచ్చింది. ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన ఆమెవైపు చూడకుండా, పెళ్లయి మానేసిన వాళ్లను తిరిగి చేర్చుకుంటే ఈసారి శాతం ఏం కావాలని నన్నడిగాడు. ఆ పెళ్లి సంగతి ఆయనకూ తెలుసు. అబద్ధమని ఒక్క మాట అనాల్సింది నేను. నా రెన్యువల్ కాగితం సంతకం కోసం ఆయన ముందే ఉంది. ఆమెను బయటికి తీసుకొచ్చాను.

వరండాలోకి వచ్చాక తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. ఇన్నాళ్లూ దుకాణం నుంచి వచ్చాక ఆ పేపర్ లెక్కలన్నీ చేసిందట.

“పరీక్ష ఎట్లనూ లేదాయె. గివి కరెక్టేనా, జర చూసి చెప్పుండ్రి సార్.”

నిలబడే ఒక్కొక్కటీ చూశాను. ఒక్కటన్నా తప్పు దొరకాలని వెతికాను. దొరకలేదు.