నీళ్లు మోసిన బిందె

“ఇన్నేండ్లు నీళ్లు మోసిన బిందె, పడవను మొయ్యదా?”

“రేకు పలుచన, పెద్దమ్మా. పడవ కదిలితే దీంట్ల కోసిన పట్టీలు చినిగిపోతయ్.”

“నువ్వు కోసి చెయ్యి. చినిగితే నేను సూసుకుంట.”

అతను పటాన్‌చెరులో షెడ్డు పెట్టుకొని ఫ్యాక్టరీ ట్యాంకులకు వెల్డింగ్ చేసేవాడు. ఏ స్టీలు చూసినా మెడలో వేలాడే అయస్కాంతం ఆనించాకే మాట్లాడేవాడు. నా బిందెకూ ఆనించాడు. అంటుకోలేదు. “అంటలేదంటే మంచి స్టీలే” అని నిమిరాడు.

మంజీర నదిలో రాయి తగిలి మా ముసలాయన పడవ ముక్కు చీలింది. ఆ చీలిక మీద రేకు పట్టీలు పడితేనే వల, వల పడితేనే మా పొయ్యి. మందం రేకు షీటంతా కొంటే తప్ప ఎవరూ అమ్మరట; అంత డబ్బు మా దగ్గర లేదు. అతని దగ్గరా ముక్క లేదు.

“పొద్దున రా, పెద్దమ్మా” అన్నాడు బిందె అందుకొని, తల దించుకొని.

మర్నాడు పొద్దున పోయాను. బిందెను కొయ్యలేదు. తోమి, ఖాళీగా తిప్పి పంపలేక కాబోలు, నిండా మంచినీళ్లు పట్టి షెడ్డు గుమ్మంలో పెట్టాడు. లోపల ఎవరిదో ట్యాంకు అతుకుతూ తలెత్తలేదు. నీళ్లు పారబొయ్య బుద్ధి కాక, నిండు బిందె చంకనెత్తుకొని బస్సెక్కాను.