నడకదూరం

నిడదవోలు స్టేషన్ పక్కన ఫ్లాట్లు అమ్మే సురేష్‌బాబు, కొనడానికి వచ్చినవాళ్లను కారెక్కించడు. చొక్కా చేతులు మడుచుకుంటూ రైలు దిగినచోటు నుంచే నడిపించుకొస్తాడు. ఫ్లాట్ల గేటు పక్కనున్న మరిడమ్మ ఇడ్లీబండి దగ్గర ఆపి, "రైలూ టిఫినూ అన్నీ గుమ్మంలోనే. ఇక కారెందుకండి?" అంటాడు. ఆమె మురిసిపోయి వాళ్లకు ఇంకో ఇడ్లీ ఊరికే వేస్తుంది.

ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక, బండి గేటుకు అడ్డమని కొన్నవాళ్లు గొడవచేశారు. దాన్ని తీయించడానికి సురేష్‌బాబే మనుషుల్ని తెచ్చాడు.

"నన్ను చూపించే కదండీ అమ్మారు!" అంటూ మరిడమ్మ చక్రం పట్టుకుంది.

"అందుకేగా చెబుతున్నా. ఊరవతల కొత్త లేఅవుట్ వేశాం. బండి అక్కడ పెట్టుకో."

ఆమె మెల్లగా చక్రం వదిలింది. "అక్కడికి బస్సుందాండి? మనుషులుంటారా?"

"అవన్నీ ఉంటే నీతో పనేంటి?" అన్నాడు నవ్వుతూ.