నీళ్ళు తీసేసిన భోజనం

బట్టలు ఉతికే కంపెనీలో ఆమెను అందరూ తూకమ్మ అంటారు. హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్ల మూటను ఒక్కసారి చేత్తో ఎత్తి చూసి, కాటా మీద పెట్టకముందే బరువు చెప్పేస్తుంది. తడి దుప్పట్లు మోసి మోసి ఆమె తెలుసుకున్నది ఒక్కటే. నడ్డి విరిచేది గుడ్డ కాదు, అందులోని నీళ్ళు. ఈ సంగతి వంటింట్లో కూడా పనికొస్తుందని పోయినేడు దాకా ఆమెకు తట్టలేదు.

ఏటా వేసవిలో ఆమె, బస్సు డ్రైవరైన మొగుడు, ఇద్దరే కొండల మీది చెరువు దగ్గర గుడారం వేసుకుని రెండు రాత్రులు గడిపి వస్తారు. పెళ్ళైన కొత్తలో పట్టుకున్న పిచ్చి అది. పోయినేడు ఆయన డబ్బాలు, సీసాలు, బంగాళాదుంపలు, గుడ్లు, అవి వేయించడానికి ఒక ఇనుప పెనం, అన్నీ సంచిలో కుక్కుకుని బయల్దేరాడు. సగం దారిలో నడుం పట్టేసింది. ఆమె రెండు సంచులతో పాటు ఆయన్ని కూడా ఈడ్చుకుంటూ కొండ దిగింది.

నెలలు గడిచేసరికి నొప్పి పోయింది. దాంతో పాటే ఆయన హుషారూ పోయింది. తేలిక బరువు మోయొచ్చని డాక్టరు చెప్పినా చెవిన పెట్టలేదు.

"ఈసారి నువ్వెళ్ళిరా. నేను ఇంట్లో ఉంటాలే," అన్నాడు.

ఇవాళ కొండ వద్దన్న మనిషి రేపు వీధి చివరిదాకా కూడా వద్దంటాడని ఆమె భయం. పైగా ఆడపడుచు ఊరుకుంటుందా!

"అన్నయ్యని మళ్ళీ కొండెక్కిస్తావా వదినా? ఈసారి ఏమైనా అయితే నువ్వే జవాబు చెప్పాలి."

తూకమ్మ ఆ రోజే మొగుణ్ణి నిలదీసింది. "మీ టిఫిను డబ్బా అంత తేలిగ్గా సంచి సర్ది ఇస్తే వస్తారా?"

"చూద్దాంలే," అన్నాడాయన. చూద్దాంలే అంటే ఆ ఇంట్లో సగం ఒప్పుకున్నట్టే.

కొండలెక్కేవాళ్ళ కోసం అమ్మే ఎండు భోజనం పొట్లాల ధర చూసి ఆమెకు కళ్ళు తిరిగాయి. "మేం వెళ్ళేది చెరువు దగ్గరికి బాబూ, చంద్రుడి మీదికి కాదు," అని కొట్టువాడికి చెప్పి వచ్చేసింది. బజారు కట్టేసే వేళకు వెళ్ళి మెత్తబడ్డ టమాటాలు, వాడిన క్యారెట్లు, ఉల్లిపాయలు కారుచౌకగా పట్టుకొచ్చింది. అన్నం, పప్పు ఉడికించి, కూరలు సన్నగా తరిగి, పళ్ళేల్లో పల్చగా పరిచి, కంపెనీలో బట్టలు ఆరే వెచ్చటి గదిలో ఒక మూల పెట్టింది. మర్నాడు దిండు గలీబులు ఉల్లిపాయ వాసన కొడుతున్నాయని ఒక హోటలు వాళ్ళు ఫోన్ చేశారు. యజమానురాలు పెట్టిన చీవాట్లు దులుపుకుని, తూకమ్మ తన సరంజామా అంతా మేడ మీది ఎండలోకి మార్చి, కర్ర పుచ్చుకుని కాకులకు కాపలా కూర్చుంది.

అన్నీ గలగలలాడేదాకా ఎండాక పూటకొక పొట్లం కట్టింది. ఉప్పూ కారం కూడా అందులోనే. మరిగే నీళ్ళు పోసి, గిన్నెకు స్వెట్టర్ చుట్టి కాసేపు వదిలేస్తే చాలు.

"ఇది మనుషుల తిండా, చిలకల మేతా?" అని ఆయన వెక్కిరించాడు. రుచి చూడమని ఒక పొట్లం వండి పెడితే మాత్రం గిన్నె నాకేశాడు.

అలా బయల్దేరారు. కొండ కింద బస్సు దిగగానే అగ్గిపెట్టె కొనుక్కొస్తానని ఆయన ఒక్కడే బజారులోకి వెళ్ళాడు. తిరిగొచ్చింది మొదలు ఆయన తీరే మారిపోయింది. నెమ్మదిగా నడుస్తున్నాడు. ఆగినచోటల్లా సంచి దించకుండానే బండకు ఆనుకుని నిలబడుతున్నాడు.

"సంచి ఇటివ్వండి, నేను మోస్తా."

"వద్దు. ముట్టుకోకు," అన్నాడు కసురుతున్నట్టు.

దించితే మళ్ళీ ఎత్తుకోలేననే భయం కాబోలనుకుని ఆమె ప్రాణం ఉసూరుమంది. ఆడపడుచు మాట చెవిలో హోరెత్తింది. వెనక్కి పోదామని నాలుక చివరిదాకా వచ్చినా, ఆయన మొహం చూసి మింగేసింది.

చెరువు గట్టు చేరాక ఆయన సంచి దించి, అందులోంచి తువ్వాలు చుట్టిన పుచ్చకాయ ఒకటి తీసి ఆమె చేతుల్లో పెట్టాడు.

"మూడున్నర కిలోలు!" ఆమె కేక పెట్టింది. "నేను చెంచాడు నీళ్ళు లేకుండా ఎండబెట్టి చస్తే, మీరు నీళ్ళకుండ మోసుకొస్తారా? నడుం ఏమైపోవాలి?"

"ఏమీ కాలేదు, ఒట్టు. నువ్వు పసిపిల్లాడికి సర్దినట్టు సర్దావు, నాకు సిగ్గేసింది. ఇంకా మోయగలనో లేదో చూసుకోవద్దూ?"

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కాయను చల్లబడడానికి చెరువు నీళ్ళలో పెట్టి, ఆ ఒడ్డునే కూర్చుని రెండూ కానిచ్చింది. ఆయన స్టవ్ ముట్టించాడు.

వేడి వేడి అన్నం రెండోసారి పెట్టించుకుంటూ, "వచ్చే ఏడు ఆ పెనం తెచ్చుకోవచ్చా?" అనడిగాడు.

వచ్చే ఏడు అన్నాడు. పెనం బరువెంతో ఆమెకు బాగా తెలుసు.

"తెచ్చుకోండి," అంది.