అంచున ఉన్న గుంపు

ఆఫీసులో ఆమెను గుంపుల మేడమ్ అంటారు. పాలపుంత ఎక్కడ ఎంత వేగంతో తిరుగుతోందో తేల్చడం ఆమె పని. అందుకు లేత నక్షత్రాల గుంపులనే ఎంచుకుంటుంది. ఎందుకో ఒకసారి వాళ్ళక్కకు చెప్పింది.

"ముసలి నక్షత్రాలు ఎక్కడెక్కడో తిరిగొచ్చి ఉంటాయక్కా, వాటిని నమ్మలేం. ఇవి నిన్నగాక మొన్న పుట్టినవి. పాలపుంత ఎటు తిప్పితే అటు తిరుగుతాయి."

"నీకన్నా నయం," అంది అక్క, కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండా. "నా మాట విని ఒక్కనాడన్నా తిరిగావా నువ్వు?"

ఈమధ్యే ఒక వ్యాసం రాసింది. రాసినవాళ్ళ వరుసలో ఆమె పేరు ముందుండడం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి. పాలపుంత అంచుల్లో వేగం అందరూ అనుకున్నట్టు సమంగా ఉండక, పెరుగుతోందని అందులో రాసింది. ఆ మాటంతా అన్నిటికన్నా దూరాన ఉన్న ఒక్క గుంపు మీద నిలబడింది. ఆ గుంపులో కొలవదగ్గ వెలుగున్న నక్షత్రం ఒకటే. దాన్ని కొలిచిందీ ఒక్కసారే.

ఇలాంటి వేడి నక్షత్రాలు చాలావరకు జంటలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఒకనాడు మనవైపు వస్తాయి, ఇంకోనాడు అవతలికి పోతాయి. ఒక్కసారి కొలిస్తే అది గుంపు నడకో, జంట తిరుగుడో తెలియదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేది ఆమే. తన దాకా వచ్చేసరికి మరిచిపోయిందో, మరిచినట్టు ఊరుకుందో.

వ్యాసం అచ్చుకు పోయే ముందు డైరెక్టర్ గదికి వెళ్ళి, ఇంకోసారి కొలవాలంది.

"ఇప్పుడా మేడమ్? అడిగినవాళ్ళు లేరు, కాదన్నవాళ్ళు లేరు. మీకు మీరే గోక్కోవడం దేనికి?"

"దురద నాదే కదా సార్."

కొత్త కొలత వచ్చింది. కంప్యూటర్ తెర మీద, నక్షత్రపు వెలుగును రంగులుగా విడదీసిన పాత వర్ణపటం కింద కొత్తదాన్ని పెట్టి చూసింది. వేగాన్ని చెప్పే గీతలు పక్కకు జరిగి ఉన్నాయి. మళ్ళీ తీయించింది. ఈసారి ఇంకోచోట ఉన్నాయి. జంటే.

ఆ గుంపును లెక్కలోంచి తీసేసింది. గ్రాఫులో పైకి లేచిన వేగపు రేఖ అందరి రేఖల్లాగే అడ్డంగా పడుకుంది. 'పెరుగుతోంది' అన్న వాక్యాలన్నీ కొట్టేసింది.

"ఇక ఇందులో కొత్తేముంది?" అన్నాడు డైరెక్టర్.

"ఏమీ లేదు సార్. చిన్న పత్రికకు పంపుతాను."

సాయంత్రం అక్క అడిగింది. "అయితే నీ పేరు పడదా?"

"పడుతుంది. చదివేవాళ్ళే ఉండరు."

"అసలు ఆ గుంపు వేగమెంతో తేలలేదు కదే."

"తేలాలంటే ఆ జంట ఒక చుట్టు తిరిగేదాకా కాపలా కాయాలి. తిరిగేసరికి ఎన్నాళ్ళవుతుందో."

"కాయి. నీకు వేరే పనేముంది?"

మర్నాడు టెలిస్కోపు కావాలని మళ్ళీ అడిగింది. డైరెక్టర్ ఇచ్చాడు గానీ, వరుసలో అందరి వెనక.