ఎనిమిదో దెబ్బ

ఒక మాట నా లోపల చాలా ఏళ్ళుగా కూర్చుని ఉంది. పెద్ద మాటేం కాదు. రెండే పదాలు. ఒక మనిషి గురించి, ఆ మనిషి ఎదురుగానే, ఇంకొకరికి చెప్పిన మాట. నేనెవరినీ కొట్టలేదు, ఎవరి కొంపా ముంచలేదు. అయినా దగ్గర్లో ఎక్కడైనా పెళ్ళి బరాత్‌లో డీజే మోగితే చాలు, చేస్తున్న పని వదిలేసి లేచి కిటికీలు మూసుకుంటాను. ఇంట్లోవాళ్ళు తలనొప్పి అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకుంటాను. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాసే అవసరం నాకు వచ్చేది కాదు.

నాది నిడమనూరు వైపు. చిన్నప్పుడు చర్చిలో కీబోర్డు వాయించడం నేర్చుకున్నాను. తర్వాత సూర్యాపేటలో ఫ్లెక్సీల షాపు పైన ఒక గది కిరాయికి తీసుకుని, గోడలకు పాత బొంతలు కొట్టి, కంప్యూటర్ పెట్టి, స్టూడియో అని బోర్డు తగిలించాను. జానపదాలకు, చర్చి పాటలకు ట్రాకులు చేసేవాణ్ణి. పనంతా లూపులతోనే. లూపు అంటే చిన్న దరువు ముక్క. దాన్ని తెర మీద పెట్టి సాగదీస్తే పాట అయిపోయేదాకా అదే తిరుగుతూ ఉంటుంది. తెర మీద నిలువు గీతలుంటాయి. ఏ ముక్క పెట్టినా అది పక్కనున్న గీతకు వెళ్ళి అతుక్కుంటుంది. మనం ఏమీ మార్చకపోతే ఆ గీతలు నాలుగు దెబ్బల లెక్కలో ఉంటాయి. ఐదుకో ఏడుకో మార్చుకునే వీలు కూడా అక్కడే, పైన మూలన ఉంటుంది. నేను దాని జోలికి ఎప్పుడూ పోలేదు. నా దగ్గరున్న లూపులన్నీ నాలుగువే, నాకు వచ్చిన విద్యా నాలుగుదే.

పద్మ మా వీధిలోనే ఉండేది. తిరుమలగిరి దగ్గర గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల, సూర్యాపేటకు కోడలిగా వచ్చింది. నన్ను అన్నా అని పిలిచేది. డాబా మీద బట్టలు ఆరేస్తూ పాడుకుంటుంటే విని, స్టూడియోకు వచ్చి పాడమని అడిగాను. ఇది కూడా చెప్పాలి. ఆమె నన్ను వెతుక్కుంటూ రాలేదు. నేనే పిలిచాను.

ఆ పాట వాళ్ళమ్మ కట్టింది. పద్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన మందతో పోయి, దారిలో ఎండదెబ్బకు చనిపోయాడట. ఆ పిల్ల అడుగుతున్నట్టు తల్లి పాట కట్టింది.

ఎండ పొద్దుల మంద వెంబడి
నడిచె నాయన అడుగు లెక్కడ

చేత్తో దరువు వేస్తూ చదివి చూడండి. 'ఎండ' దగ్గర మూడు దెబ్బలు, 'పొద్దుల' దగ్గర నాలుగు. మొత్తం ఏడు. ఆ తర్వాత ముక్క కూడా ఏడే. పాటంతా ఏడులోనే నడుస్తుంది.

కోదాడలో జానపద పాటల ఛానల్ నడిపే ఒకాయన ఉండేవాడు. ఆయన మా మెట్లెక్కి రావడమే నాకు గొప్ప. ఏ పాటైనా తెండి సార్, మీరు చాయ్ తాగేలోపు ట్రాక్ చేసి పెడతా అని అప్పటికే గొప్పలు పోయి ఉన్నాను. ఆయన వచ్చి సోఫాలో కూర్చున్నాడు. పద్మను మైకు ముందు నిలబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, లూపు వదిలాను. మొదటి ముక్క చక్కగా కలిసింది. రెండో ముక్క లూపు కంటే ఒక దెబ్బ ముందే అందుకుంది. మూడోది ఇంకో దెబ్బ ముందుకు జరిగింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అంతే. ఆపకుండా మొత్తం పాడించండి అన్నాడు ఆయన. పాడించాను. వింటుంటే లూపు ఒకవైపు, పాట ఒకవైపు లాక్కుపోతున్నాయి.

"ఏంటండీ, ఆవిడ ముందే వచ్చేస్తోంది?" అన్నాడు ఆయన, నన్ను చూస్తూ.

పద్మ హెడ్‌ఫోన్ తీసింది. "అన్నా, నేను యాడ తప్పుతున్న? జర చెప్పు, సరిజేస్కుంట."

నేను ఆమెకు జవాబు చెప్పలేదు. ఆయనకు చెప్పాను. "గొంతు మంచిగుంది సార్. తాళం లేదు."

"అట్లనా," అంది పద్మ. "మా ఊర్ల ఎవ్వలు చెప్పలే అన్నా."

తెలియక అన్నాను. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న మాట ఇదే. సాఫ్ట్‌వేర్ కొత్త, వయసు చిన్న, ఎదురుగా పెద్దమనిషి, నోరు జారింది. ఎంత బాగా అమరింది చూడండి. కానీ అది నిజమా? మా చర్చిలో ఒక పెద్దాయన పాడే పాత పాట ఒకటి ఏడులోనే ఉండేది. కీబోర్డులో ఉన్న ఏ దరువూ దానికి కుదరక, ఆ పాట వచ్చినప్పుడల్లా దరువు ఆపేసి ఊరికే స్వరాలు పట్టుకునేవాణ్ణి. ఏడు అంటే ఏమిటో నా ఒంటికి తెలుసు. పద్మ పాడుతున్నప్పుడు టేబుల్ కింద నా కాలు లూపుతో కాదు, ఆమెతో ఆడింది. నాకది గుర్తుంది. తప్పు తన పాటలో లేదు, నేను పెట్టిన దరువులో ఉంది అని నోరు తెరిచే ముందే నాకు తెలుసు. ఇది ఏడు సార్, నాకు ఇందులో ఏడు చేయడం రాదు అని చెప్పాల్సింది. రాదు అనే మాట నా నోట రాలేదు. నా సిగ్గును కాపాడుకోవడానికి ఆమె పాటను తప్పు పట్టాను.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె గొంతును తెర మీద పెట్టి చూశాను. ప్రతి ముక్కా సరిగ్గా ఒక్కొక్క దెబ్బే ముందుకు జరుగుతూ పోయి, నాలుగు ముక్కలు పూర్తయి మళ్ళీ 'ఎండ' అనేసరికి లూపు మొదటి దెబ్బ మీదే పడింది. వెంట్రుకవాసి తేడా లేదు. తాళం లేని మనిషి గొంతు అలా తిరిగి వస్తుందా? ఇంకెవరైనా చూస్తే నా పని తెలిసిపోతుందని ఆ ఫైలు డిలీట్ చేశాను. నోరు జారిన వాడు అలా చేస్తాడా?

కోదాడ ఆయనకు పాట నచ్చింది, పాడడానికి పద్మను మాత్రం వద్దన్నాడు. పాట ఇస్తావా అమ్మా అని అడిగితే, మా అవ్వ పాట పదిమంది ఇంటరంటే గంతకన్న ఏం గావాలె అంది. వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే. మిర్యాలగూడ నుంచి వేరే అమ్మాయిని తెచ్చారు. నేను ప్రతి ఏడు తర్వాత ఒక దెబ్బ ఖాళీ పెట్టి, రెండు నాలుగులు ఎనిమిది చేసి, లూపుకు సరిపోయేలా చేశాను. ఆ ఖాళీ వింతగా వినిపించింది. అందులో "హేయ్" అని ఒక కేక పెట్టాను. ఆ కేక నా గొంతే. ఎండ పొద్దుల హేయ్, మంద వెంబడి హేయ్.

పాట బాగా ఆడింది. ఒకసారి మిర్యాలగూడలో చుట్టాల పెళ్ళికి పోతే బరాత్‌లో అదే పాట. పెళ్ళికొడుకు దోస్తులు చేతులు పైకెత్తి ఎగురుతున్నారు, ఖాళీ వచ్చిన ప్రతిచోటా హేయ్ అంటున్నారు. చచ్చిపోయిన తండ్రి అడుగుల కోసం ఒక పిల్ల వెతుక్కుంటున్న పాట అది. అన్నం తినకుండా బస్సెక్కి వచ్చేశాను.

పద్మ నా మీద కోపం పెట్టుకోలేదు. అదే నాకు మింగుడుపడదు. కోప్పడితే వాదించుకునేవాణ్ణి. ఆమె దాన్ని నవ్వులాట చేసింది. ఒకరోజు ఇంటికి తాళం వేసి బజారుకు పోతూ, చేతిలో తాళంచెవి ఊపి చూపించి, "నాకున్న తాళం గిదొక్కటే అన్నా" అంది. నేనూ నవ్వాను. చూడండి, నవ్వాను కూడా. ఆ తర్వాత డాబా మీద ఆమె గొంతు వినపడడం తగ్గింది. కొన్నాళ్ళకు పూర్తిగా ఆగిపోయింది.

నేను మాత్రం పట్టుబట్టి ఏడు నేర్చుకున్నాను. తర్వాత ఐదు, పదకొండు. లూపులను కోసి అతికించడం కాకుండా, సొంతంగా డప్పు కొట్టి రికార్డు చేసి, గీతలనే పాటకు తగ్గట్టు మార్చుకోవడం వచ్చింది. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను కూడా. కష్టమైన తాళాలంటే నా దగ్గరకే పంపిస్తారు. సార్, మీకు దీని మీద ఇంత ఇష్టం ఎట్లా వచ్చింది అని అడుగుతారు. ఊరికే వచ్చింది అంటాను. అది కూడా పశ్చాత్తాపమేనా, లేక ఆమె దగ్గర తీసుకున్నదాన్ని అమ్ముకోవడమా? నాకు తేలడం లేదు.

పోయిన వారం పద్మ తన కూతురిని తీసుకుని వచ్చింది. స్కూలు ఫంక్షన్‌లో పాడుతుందట, ట్రాక్ చేసి ఇవ్వాలట. ఏం పాడతావమ్మా అన్నాను. ఆ పిల్ల గొంతు సవరించుకుని, 'ఎండ పొద్దుల' అని అందుకుంది. ముక్క అయిపోగానే హేయ్ అంది. మళ్ళీ ముక్క, మళ్ళీ హేయ్. ఫోన్లో విని నేర్చుకుంది. పక్కన కూర్చున్న పద్మ తన చేతి మీద దరువు వేస్తూ, ఆ ఎనిమిదో దెబ్బ రాబోతుంటే కళ్ళతోనే కూతురికి సైగ చేస్తోంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"సూసినవా అన్నా," అంది పాట అయ్యాక. "నేను తప్పిన కాడ నా బిడ్డ తప్పలే. మా అవ్వకే తాళం లేకుండె, ఇగ నాకు యాడికెళ్ళి వస్తది? దీనికైన వచ్చింది, నయం."

పాట కట్టిన ఆ తల్లికి కూడా తాళం లేదట. నేను అన్న మాట వెనక్కి నడిచి అంత దూరం పోయిందని నాకు తెలియదు. అప్పుడైనా చెప్పొచ్చు. ఎదురుగా ఉంది, నన్ను నమ్మి కూర్చుని ఉంది, తలుపు కూడా వేసి ఉంది. నోరు తెరిచాను. "మంచిగ పాడింది" అన్నాను. శనివారం లోపు ట్రాక్ ఇస్తానన్నాను.

ఈ పొద్దున కూర్చుని గీతలు ఏడుకు మార్చి పెట్టాను. ఆ పిల్ల నేర్చుకున్నది దానికి కుదరదు. ఏడులో చేసి ఇస్తే పిల్ల తప్పుతుంది, ఎందుకు తప్పుతోందో తల్లికి నేను చెప్పాలి. ఎనిమిదిలో చేసి ఇస్తే అందరూ చప్పట్లు కొడతారు. మళ్ళీ నాలుగుకు మార్చాను. మళ్ళీ ఏడు. ఇలా ఎన్నిసార్లు మార్చానో. ఫలానాది ఇస్తానని ఇప్పుడే మీకు చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది.

పద్మకు తాళం ఉంది. వాళ్ళమ్మకూ ఉంది. పాట ఏడులో ఉందని నాకు ఆ రోజే తెలుసు, తెలిసే అన్నాను. ఇంత స్పష్టంగా ఈ మాట నేను ఎప్పుడూ అనుకోలేదు, నాలో నేను కూడా. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, కాదనను. కానీ ఆ తేలిక నా ఒక్కడిదే. పద్మకు ఇంకా ఏమీ తెలియదు. మూడు ఇళ్ళ అవతల, ఈపాటికి కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, సరైన చోట హేయ్ అనడం నేర్పిస్తూ ఉంటుంది.