ముందు భుజం

బస్తరు రాజ్యంలో రాజుగారి తరవాత అంతటివాడు మా చిన్నాయనేనని మొన్నమొన్నటిదాకా అనుకున్నాను. ఆయనా అలాగే అనుకునేవాడు. మా ఇద్దరికీ అభిప్రాయం కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

కోంటాలో మాది ఉప్పు దుకాణం. నాన్న తూకం చూసుకునేవాడు. ఆయన తమ్ముడు చిన్నాయన జనాన్ని చూసుకునేవాడు, అంటే తిట్టేవాడు. మా చెడుగుడు జట్టుకు తనంతట తానే నాయకుడయ్యాడు. మా ఇంటినుంచి ఆయనా నేనూ, మిగతావాళ్లంతా చుట్టుపక్కల పల్లెల దోర్ల తెగ కుర్రవాళ్లు. కూత పట్టి అవతలి బరిలోకి పోయినవాడికి గీత ఇవతల నిలబడి దారి చెప్పేవాడు. "కుడికి పో, కుడికి. ఏంది, చెవుల్లేవా?" జవాబిస్తే కూత తెగుతుంది కాబట్టి వాడు నోరెత్తడు. చిన్నాయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

ఆ ఏడు జాతరలో శబరి నది అవతలి ఒడ్డు జట్టుతో పోటీ కుదిరింది. జట్టును నడిపించేది తానేనని చిన్నాయన సంతంతా చాటుకున్నాడు. ఆయన ఉంటే తాము బరిలో కాలు పెట్టబోమని కుర్రవాళ్లు నాతో చెప్పి పంపారు. ఆ కబురు మోసుకొచ్చినందుకు నా చెంప పగిలింది.

"నాయకుడంటే ముందు నడిచేటోడురా. రేపు దేవుణ్ణి మోసి చూపిస్త. నా ఎనక రాకుంటే అడుగు" అన్నాడు.

జాతరలో మోసే అంగదేవుడంటే రెండు కొయ్యదుంగలను కలిపి కట్టిన చట్రం. నలుగురు భుజాన ఎత్తుకుంటారు. ఎటు పోవాలో దేవుడే దుంగను వంచి చెబుతాడు. మోసేవాళ్లు లాగకూడదు, తోయకూడదు, మాట్లాడకూడదు. చిన్నాయనకు చేతకానివన్నీ ఏరి పెట్టినట్టుండే భక్తి అది. కానీ మొక్కు ఉందని అడిగినవాడికి భుజం కాదనరు. ముందు కొస ఆయనకిచ్చారు. మిగతా ముగ్గురూ మా జట్టువాళ్లే.

సంత నడుమకు వచ్చేసరికి దేవుడు చింతచెట్ల వైపు మొగ్గాడు. చిన్నాయన మా దుకాణం వైపు మొగ్గాడు. దేవుడు గడపదాకా వస్తే ఏడాదంతా బేరం సాగుతుందని మా వర్తకుల నమ్మకం. రాకపోతే తెచ్చుకోవచ్చన్నది చిన్నాయన చేర్చిన భాగం.

"ఇటు, ఇటు" అన్నాడు.

ముగ్గురూ ఆగిపోయారు. తోయలేదు, లాగలేదు, ఊరికే నిలబడ్డారు. చిన్నాయన మెడనరాలు ఉబ్బేదాకా లాగాడు.

"నడువుండ్రా, గాడిదల్లారా."

దుంగ కదలలేదు. కోళ్లు బేరమాడేవాళ్లు కూడా బేరం మానేసి చూశారు. పూజారి తాపీగా దగ్గరికొచ్చాడు.

"సావుకారు, భుజం తియ్యి."

"తియ్య."

"తియ్యకు. పొద్దుగూకేదాకా నిలబడు. దేవుడికేం తొందర లేదు."

"చిన్నాయనా, ముందు నడవాలంటే ఎనక ఎవడో ఒకడు రావాలె గదా" అన్నాను నేను. ఆయన రెండు చేతులూ దేవుడి కింద ఉండబట్టి బతికిపోయాను.

చివరికి భుజం తీశాడు. వేరేవాడు ఎత్తుకున్నాడు. దేవుడు చింతచెట్లకేసి చక్కా పోయాడు.

మధ్యాహ్నం చిన్నాయన పంచె బిగించి బరిలోకి వచ్చాడు. వెంటనే మావాళ్లంతా బరిలోంచి బయటికి నడిచారు. అవతలి ఒడ్డువాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆడేందుకు మావైపు మిగిలింది ఆయనా నేనూ. నేనూ బయటికొచ్చాను.

"నువ్వు గూడానా? ఇంటికి రా, నీ సంగతి చెప్త" అని ఆయన వెళ్లిపోయాడు. మేం ఆడాం. ఎవరి మాటా వినక్కర్లేని జట్టు ఎలా ఆడుతుందో అలా ఆడాం. చిత్తుగా ఓడాం.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరితే చిన్నాయన గుమ్మంలో కాపు కాసి ఉన్నాడు.

"ఎవరు గెలిచిండ్రు?"

"వాళ్లే."

"ఎంత తేడా?"

చెప్పాను. ఆయన మొహం విప్పారింది. లోపలికి కేకేసి పరవాన్నం వండించాడు. ముందుగా నాకే వడ్డించాడు, మావాళ్లు ఎట్లా ఓడారో మళ్లీ చెప్పమన్నాడు. తను నడిపించాల్సిన జట్టు ఓడిందని నెయ్యి పోసుకుని తిన్న నాయకుణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

పరవాన్నం మాత్రం బాగుంది. మారు వేయించుకున్నాను.